కుండపెంకు చెప్పిన కాలము

ఇటీవల మేము కరీంనగరములో ఒక మిత్రుని గృహప్రవేశమునకు వెళ్లితిమి. వంటగదిలో, నిలుచుండి వంట చేయుటకు కట్టిన గట్టుపై నున్నని గోధుమవన్నె రాతిపలకలు పరచి యున్నవి. అవి ఆ ప్రాంతపు గుట్టల నుండి తీసిన గ్రానైటు పలకలే. ఆ గట్టు మీద ఉప్పునకు, పంచదారకు, చెంచాలకు ఒక్కొక్కటి చొప్పున మూడు జాడీలు ఉన్నవి. వానికి తెల్లని మెరుగుపూత. పూత మీద నీలి, పసుపు రంగుల ఆకులు, పండ్లు. అవి ఇటలీ దేశమున చేతితో చేసినవనియు, విదేశమున నున్న కుమారుడు పంపినాడనియు ఇంటి యజమానురాలు సంతోషముతో చూపెను. అదే గదిలో ఒక మూలన, పసుపు కుంకుమలు పెట్టిన మట్టికుండ ఒకటి నేలమీద ఉన్నది. అది ఆ ఉదయము పాలు పొంగించిన కుండ. మరునాటి నుండి దానికి ఆ వంటగదిలో పని లేదు.

మన గుట్టల రాయి సముద్రము దాటి పరదేశముల వంటిండ్లకు గట్టులగుచున్నది. పరదేశపు మట్టి సముద్రము దాటి మన గట్టు నెక్కుచున్నది. ఇందు చింతింపవలసినది ఏమియు లేదు. వర్తకము పుట్టిన నాటి నుండి వస్తువులు ఇట్లే తిరుగుచున్నవి. ఇటలీ మట్టిపాత్ర దక్షిణాపథమునకు వచ్చుట ఇది మొదటిసారియు కాదు. రెండువేల ఏండ్ల క్రిందట వచ్చిన ఇటలీ పళ్లెమొకటి మన కుండకు గొప్ప ఉపకారము చేసినది. ఆ కథను, దానితో పాటు ఆ మూలన నున్న కుండ కథను శ్రోతలకు విన్నవించుట మా ఉద్దేశము.

కథ వేములవాడతో ఆరంభింతము. మూలవాగు ఒడ్డున నున్న ఈ పట్టణము నేడు రాజరాజేశ్వరస్వామి క్షేత్రముగా ప్రసిద్ధము. వేయేండ్లకు పూర్వము ఇది చాళుక్యుల యొక శాఖకు రాజధాని. ఆ వంశమున రెండవ అరికేసరి ఆస్థానకవియైన పంపడు 941లో విక్రమార్జున విజయమును రచించెను. పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కురిక్యాల గుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృత, కన్నడములతో పాటు తెలుగు కందపద్యములును ఉన్నవి. కవులు, రాజులు, దానములు, విజయములు అన్నియు రాతిపై నిలిచినవి. కాని ఆ కవి యింట అన్నము దేనిలో ఉడికెను? ఆ రాజు సైనికుడు నీరు దేనితో త్రాగెను? ఈ ప్రశ్నలకు శాసనము పలుకదు. వీనికి సమాధానము చెప్పునది మట్టిలో దొరకు పెంకు ఒక్కటే.

పెంకు వలె దీర్ఘాయుష్మంతమైన వస్తువు మరియొకటి లేదు. కొయ్య చివుకును, గుడ్డ మాసిపోవును, ఇనుము తుప్పు పట్టును, బంగారమును కరగించి మరల నగ చేయుదురు. కాలిన మట్టి చివుకదు, తుప్పు పట్టదు. పగిలినదానిని కరగించి మరల పాత్ర చేయుట సాధ్యము కాదు. కావుననే కుండ పగిలిన చోటనే శతాబ్దముల కొలది పడియుండును. పురాతత్త్వజ్ఞులు ఒక దిబ్బను త్రవ్వునపుడు మొదట లెక్కించునవి పెంకులే.

పూర్వపు కరీంనగర జిల్లాలో ఇట్టి దిబ్బలు అనేకము. తొగర్రాయి, కదంబాపూరు వంటి చోట్ల నవీన శిలాయుగపు జనుల ఆనవాళ్లు కలవు. ఆ యుగపు ఆరంభమున దక్కనులోని పాత్రలు చాలవరకు సారె లేకుండ చేతితోనే మలచినవి. వాని రంగు ఎక్కువగా బూడిదవన్నె. పిమ్మట బృహత్ శిలాయుగము వారు లోపలను, అంచునను నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలను చేసిరి. ఇది రంగుపూత వలన వచ్చిన భేదము కాదు. మట్టిలోని ఇనుము గాలి తగిలిన చోట ఎరుపెక్కును; గాలి అందక పొగచిక్కిన చోట నలుపెక్కును. ఈ రహస్యమును గ్రహించి ఒకే పాత్రకు రెండు వన్నెలు తెచ్చిన కుమ్మరిని అక్షరము రానివాడని అనవచ్చునేమో గాని, విద్య రానివాడని అనుట తగదు.

అటుపిమ్మట శాతవాహనుల కాలము. నేటి జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిని కలియుచోట నున్న కోటిలింగాలలో, శాతవాహనులకు పూర్వులైన గోబద, నారన, సమగోప మొదలగు వారి నాణెములును, ఛిముకుని పేరు గల నాణెములును దొరకినవి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వానిని పరిశీలించి శాతవాహనుల ఆరంభచరిత్రను ఈ ప్రాంతముతో ముడివేసిరి. నేటి పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరులో 1960ల చివర, 1970లలో వి. వి. కృష్ణశాస్త్రి మొదలగువారు జరిపిన త్రవ్వకములలో ఇటుక కట్టడములు, వేలకొలది నాణెములు, కొలిమి జాడలు బయల్పడినవి. అందు ఇటుకలతో కట్టిన బావులే గాక, కాల్చిన మట్టి వరలను ఒకదానిపై నొకటి పేర్చిన బావులును ఉన్నవి. ఇనుము కరగించినవానికి నీరు కావలయును. ఆ నీటికి బావి కావలయును. ఆ బావికి వరలు చేయుటకు కుమ్మరి కావలయును. నాణెముపై రాజు పేరున్నది. వరపై పేరు లేదు. అయినను బావిని నిలిపినది అదే.

పెద్దబంకూరులో రోము చక్రవర్తుల నాణెములును దొరకినవి. కొండాపూరులో 1940–42 నడుమ హైదరాబాదు పురావస్తుశాఖ వారు త్రవ్వినపుడును రోమను నాణెము కనిపించినది. అనగా ఈ గడ్డకు ఇటలీతో సంబంధము కొత్తది కాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథమగు పెరిప్లస్, భరుకచ్ఛపు రేవున ఇటలీ ద్రాక్షాసవమునకు ఎక్కువ గిరాకి యున్నదని చెప్పుచున్నది. ఆ ఆసవము వచ్చినది రెండు చెవులు గల పొడవాటి మట్టిజాడీలలో. ఆ జాడీల పెంకులు పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో విరివిగా లభించినవి.

ఇచటనే మేము ముందు చెప్పిన ఇటలీ పళ్లెము కథ వచ్చుచున్నది. 1945లో మార్టిమర్ వీలర్ అరికమేడును త్రవ్వించెను. దక్షిణదేశమున అప్పటికి అనేక స్థలములు తెలిసియున్నను, వానికి నిశ్చితమైన కాలము చెప్పుట కష్టముగా నుండెను. ఏ పాత్ర ముందు, ఏది వెనుక అని చెప్పగలిగిరి గాని, ఏ శతాబ్దమని చెప్పజాలకుండిరి. అరికమేడులో వీలరునకు ఎఱ్ఱని నిగనిగలాడు పళ్లెముల ముక్కలు కొన్ని దొరకినవి. అవి ఇటలీలోని అరెజ్జో పట్టణపు పద్ధతిలో చేసినవి. అక్కడి కుమ్మరులు తమ పాత్రల అడుగున తమ పేరు ముద్ర వేయుచుండిరి. ఆ ముద్రలను బట్టి ఐరోపా పండితులు ఆ పాత్రల కాలమును అప్పటికే నిర్ణయించి యుండిరి. అవి క్రీస్తు శకము మొదటి శతాబ్దపు పూర్వార్ధమువరకు వాడుకలో నున్నవి. కావున అదే పొరలో వానితో కలిసి దొరకిన మన దేశపు పాత్రలును ఆ కాలమునకు చెందినవేనని తేలినది.

ఈ కొలబద్దను చేత పట్టుకొని వీలర్ 1947లో నేటి కర్ణాటకములోని బ్రహ్మగిరిని త్రవ్వించి, అచటి పొరలకు వరుసగా కాలము నిర్ణయించెను. ఎఱ్ఱని పూత క్రింద తెల్లని గీతలు గల పాత్రలకు ఆనాడు ఆంధ్రపాత్రలని పేరిడిరి. శాతవాహనులను ఆంధ్రులని వ్యవహరించుటచే ఆ పేరు వచ్చినది. ఇట్లు అరెజ్జో కుమ్మరి వేసిన ముద్ర, తన పేరు వేయని దక్కను కుమ్మరికి జన్మపత్రిక వ్రాసిపెట్టినది.

కాని దీని నుండి ఒక పొరపాటును పుట్టినది. అరికమేడులో లోపలి అడుగున పండ్ల చక్రముతో దొర్లించినట్లు వలయములుగా చుక్కలు గల సన్నని పళ్లెములు దొరకినవి. ఇంత నాజూకైన పనితనము పాశ్చాత్యుల నుండి నేర్చినదై యుండునని చిరకాలము తలంచిరి. 1989–92 నడుమ విమలా బేగ్లీ ఆధ్వర్యమున అరికమేడులో మరల త్రవ్వకములు జరిగినవి. ఆమె పరిశోధనలును, మట్టిని విశ్లేషించిన ఇతరుల పరీక్షలును కలిసి ఆ తలంపును మార్చినవి. ఆ పళ్లెములు భారతదేశపు మట్టితో చేసినవే. వాని తయారీ ఇటలీ పళ్లెములు రాకపూర్వమే ఆరంభమైనది. ఇటలీ పాత్ర మనకు కాలమును చెప్పినది, పనితనమును నేర్పలేదు. అది మనకు ముందే యుండెను.

ఈ పనితనమును మన జనులు మరువలేదు. తెలంగాణమున కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకొందురు. శాలివాహనుడు పైఠానులో కుమ్మరి యింట పెరిగెననియు, బాల్యమున తాను చేసిన మట్టి ఏనుగులకు, గుఱ్ఱములకు, భటులకు ప్రాణము పోసి విక్రమార్కుని జయించెననియు కథ. చరిత్రకారులు దీనిని చరిత్రగా గ్రహింపరు. అయినను, రాజవంశములు పోయి వేయేండ్లు దాటినను, ఒక రాజు పేరును తమ కులనామముగా నిలుపుకొనినవారు కుమ్మరులే యగుట గమనింపదగినది. శైవ వాఙ్మయమునను కుమ్మరికి ఉన్నతస్థానము కలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కుమ్మరి గుండయ్య కుండపై వాయించుచుండగా శివుడు దిగివచ్చి నాట్యమాడినట్లు కథ ఉన్నది. వేములవాడ వంటి శివక్షేత్రమున ఈ కథను స్మరించుట ఉచితమే.

ఇప్పుడు ఆ గట్టు మీది జాడీల విషయము. ఆ తెల్లని పూత ఇటలీలో పుట్టినది కాదు. తొమ్మిదవ శతాబ్దమున ఇరాకులోని కుమ్మరులు, చీనా దేశపు తెల్లని పింగాణిని చూచి, దానివంటి తెలుపును తమ మట్టిపై తెచ్చుటకు తగరము కలిపిన పూతను కనిపెట్టిరి. అది స్పెయిను మీదుగా ఇటలీ చేరినది. మజోర్కా ద్వీపము మీదుగా వచ్చినది గాన దానికి మయోలికా అని పేరు. ఫయెంజా పట్టణము ఈ పనికి ఎంత పేరొందెననగా, ఆ పట్టణము పేరు నుండియే ఫ్రెంచివారు ఈ పాత్రలకు ఫయాన్స్ అను పేరు పెట్టుకొనిరి. 1557 ప్రాంతమున చిప్రియానో పికోల్‌పాసో అను నతడు మట్టి తెచ్చుట మొదలు బట్టీ పెట్టుట వరకు కుమ్మరి పని నంతయు గ్రంథముగా వ్రాసి, పనిముట్లకు బొమ్మలు వేసెను. ఫయెంజాలో 1908లో మట్టిపాత్రల ప్రదర్శనశాల స్థాపింపబడినది. 1944లో అది బాంబుదాడికి గురికాగా మరల నిర్మించుకొనిరి. 1990లో ఇటలీ ప్రభుత్వము సంప్రదాయపు మట్టిపనిని కాపాడుటకు ప్రత్యేకముగా ఒక చట్టమునే చేసినది. మా మిత్రుని గట్టుమీది జాడీ వెనుక ఇంత శ్రద్ధ ఉన్నది.

రెండు పాత్రల గుణములు వేరు. ఇటలీ జాడీని ఒకసారి కాల్చి, పూత పూసి, రంగులు వేసి, మరల కాల్తురు. పూత గాజువలె కరగి రంధ్రములను మూయును. ఉప్పు, నూనె దానిలోనికి ఇంకవు. మన ఊరగాయ జాడీకి మెరుగు ఉండుటకును కారణమిదే. హైదరాబాదు ప్రాంతపు ఉర్దూలో ఆ జాడీని మర్తబాను అందురు. అది బర్మాలోని మర్తబాను రేవు పేరు. కాని పూర్వపు మెరుగుపూతలలో సీసము కలుపుచుండిరి. పులుపు తగిలినచో సీసము ఆహారములోనికి దిగును. కావున అలంకారమునకై చేసిన రంగుపాత్రలలో చింతపండు పులుసును, ఊరగాయను ఉంచరాదు. ఆహారమునకు తగినవని ముద్రయున్నవానినే వాడవలయును.

మన కుండ ఒకేసారి కాలును. చెరువుమట్టిని నానవేసి, రాళ్లు ఏరి, సన్నని ఇసుకయో బూడిదయో కలిపి త్రొక్కుదురు. ఆ కలిపినదే కుండను పొయ్యిమీద పగులకుండ కాపాడును. సారెమీద మందముగా లేపిన పాత్రను కొంత ఆరనిచ్చి, లోపల గుండ్రని దిమ్మను పట్టి, వెలుపల చెక్కతో తట్టి తట్టి పలుచన చేసి అడుగును మూయుదురు. ఆవములో కాలిన పిమ్మటను ఆ కుండకు కంటికి కానరాని రంధ్రములు మిగిలియుండును. వాని ద్వారా చెమర్చిన నీరు ఆవిరి యగుచు లోపలి నీటిని చల్లబరచును. క్రొత్తకుండలో బియ్యపుకడుగును, గంజిని కాచుట మన గృహిణులు ఎఱిగిన చికిత్స. ఆ గంజి రంధ్రములలో చేరి కుండను వంటకు సిద్ధము చేయును.

ఇంత ఉపయోగకరమైన పాత్ర వంటింటి నుండి ఎందుకు వెడలినది? అల్యూమినియము, స్టీలు, ప్లాస్టిక్కు వచ్చుటచే అని అందురు. అది నిజమే. కల్లుచెట్లకు కట్టు లొట్టి స్థానమున సైతము ప్లాస్టిక్కు చేరినది. కాని మాకు మరియొక కారణము తోచుచున్నది. మన కుండకు అడుగు గుండ్రము. మూడురాళ్ల పొయ్యిమీద మంట దాని నలుదిక్కుల సమముగా తాకును. నేలమీద అది కుదురు మీద నిలుచును. పొయ్యి గట్టెక్కి, గ్యాసు వచ్చి, వంటగది నిలువు పనికి మారినపుడు, గుండ్రని అడుగునకు చదునైన గట్టుపై నిలుచు చోటు లేకపోయినది. ఇటలీ జాడీకి అడుగు చదును. అది గట్టుకు తగినది. కుండ ఓడినది గుణములో కాదు, కూర్చుండుటలో.

కుండ పూర్తిగా పోలేదు. పెండ్లికి ఐరేని కుండలు కావలయును. వేములవాడలో బద్ది పోచమ్మకు బోనము కావలయును. దీపావళికి ప్రమిదలు, కడపటి యాత్రకు కుండ కావలయును. ఇవి ఉండగా వృత్తికి భయము లేదని కొందరు తలంతురు. మేము అట్లు తలంపజాలము. ఒక దినపు కుండ నీరు చల్లబరుపనక్కర లేదు, నిత్యము మంట సహింపనక్కర లేదు, చూచుటకు ఇంపుగా నున్న చాలును. పని యెట్టిదో పరీక్షించునది వంటిల్లు. ప్రతిదినము పొయ్యి నెక్కు అటికయే కుమ్మరి చేతిని సరిదిద్దును. ఆ పరీక్ష పోయిననాడు, రంగులు వేసిన కుండలు మిగులవచ్చును గాని, కుండను ఎఱిగిన చేయి మిగులదు.

వేములవాడ చెంతనున్న ఒక గ్రామమున వృద్ధుడైన కుమ్మరి ముంగిట మేము ఒక పూట గడపితిమి. ఆయన కుమారులు గల్ఫు దేశమున ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల అనేక కుటుంబముల స్థితి ఇదే. సారె మూలన ఉన్నది. ఆయన ఒక్కొక్క కుండను ఎత్తి వ్రేలితో కొట్టి వినిపించెను. కంచువలె మ్రోగినది బాగుగా కాలినది; బొద్దుగా పలికినది పగులు గలది. మేము వరుసగా ప్రతిదానిని కుండ, కుండ అనుచుండగా ఆయన భార్య నవ్వి, “అన్నిటిని కుండనే అంటున్నరు సారూ. అండ్ల కుండ ఒక్కటే ఉన్నది” అన్నది. పిదప ఒక్కొక్కటి చూపి చెప్పెను: కూర వండునది అటిక. పెరుగు తోడు పెట్టునది గురిగి. మూత వేయునది కంచుడు. రొట్టె కాల్చునది పెంక. ధాన్యమునకు కాగు, వేసవి నీటికి రంజను. ఆమె మనుమరాలు పక్కనే నిలిచి మావలెనే క్రొత్తగా వినుచుండెను.

ఆ మాటలు మమ్ము చాల దినములు వెంటాడినవి. కోటిలింగాల చుట్టు ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు చేరినది. వేములవాడ సమీపమున కొన్ని పల్లెలు మధ్యమానేరు జలాశయమున మునిగినవి. నీటి కొరకు భూమి నీయక తప్పదు. కాని ఊరు కదలినపుడు కుమ్మరికి ఆవపు చోటు, మట్టి తెచ్చుకొను చెరువు కూడ కదలును. రెండువేల ఏండ్ల పెంకులను మ్యూజియములో భద్రపరచుకొనుచున్నాము, అది మంచిదే. ఆ పెంకుల పేరేమో మనకు ఎవరును చెప్పలేదు. అటిక యనిరో, గురిగి యనిరో ఎఱుగము. నేటి పాత్రలకు పేరు చెప్పగలవారు మాత్రము ఇంకను మన నడుమ ఉన్నారు. మన పాఠశాలల పిల్లలు తమ ఊరి కుమ్మరి ఇంటికి ఒక పూట వెళ్లి, పాత్రల పేర్లు, ఉపయోగములు, చేసినవారి పేర్లు వ్రాసి తెచ్చినచో, పికోల్‌పాసో వంటి గ్రంథము మనకును ఒకటి సిద్ధమగును. కరీంనగర మ్యూజియములో శాతవాహనుల కుండ పక్కన నేటి అటికను, చేసినవాని పేరుతో నిలిపినచో, అరెజ్జో కుమ్మరికి దక్కిన గౌరవము మన కుమ్మరికి ఇంత ఆలస్యముగనైనను దక్కును.

ఆ ముంగిటనే మేము ఒక మట్టి కుదురును కొంటిమి. దానిని కరీంనగరములోని మిత్రునికి పంపి, మూలన నున్న కుండను గట్టుమీద, ఆ మూడు జాడీల సరసన నిలిపి నీరు పోసి చూడుడని వ్రాసితిమి. వేసవి వచ్చుచున్నది. చదునైన రాతిగట్టుపై గుండ్రని కుండ నిలుచుటకు కావలసినది ఆ చిన్న కుదురు మాత్రమే.